ముందే తీర్చిన మొక్కు

మా అమ్మ శౌరమ్మ నోటికి జడిసి పామర్రులో ఎవరూ ఎదురు మాట్లాడరు. నేనొక్కదాన్నే మాట్లాడేదాన్ని. ఆ రోజు మాత్రం నా మాట కూడా చెల్లలేదు.

తమ్ముడు బాలశౌరి బెజవాడలో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదివేవాడు. కాలేజీలో ఎన్‌సీసీ. ఆదివారం పరేడంటే చీకటితోనే లేచి బూట్లు రుద్దుతూ కూర్చునేవాడు. "ఏరా బామ్మర్దీ, వాటిలో మొహం చూసుకుని గెడ్డం గీసుకోవచ్చురా!" అని మా ఆయన మరియదాసు ఏడిపించినా నవ్వేవాడు కాదు. వాడికది ఆట కాదు. సీ సర్టిఫికెట్ పాసైతే రాతపరీక్ష లేకుండానే ఆర్మీ ఆఫీసరు సెలక్షన్‌కి పిలుస్తారు. నాన్న పోయాక బడి మానేసి కొన్నేళ్ళు కూలికి పోయినవాడు, లేటుగా కాలేజీ మొహం చూశాడు. డెబ్బై ఆరులో బెంగుళూరు రమ్మని పిలుపు వచ్చింది.

"అక్కా, మళ్ళీసారికి నా వయసు దాటిపోద్ది. ఇదొక్కటే," అన్నాడు.

రైలెక్కడానికి వారం ముందు అమ్మ పామర్రు నుంచి దిగింది. గుణదల మాతకు మొక్కుకుందట, కొడుకు మోకాళ్ళ మీద కొండెక్కుతాడని.

"పనయ్యాక తీర్చుకోవచ్చు గదే అమ్మా?" అన్నాను.

"పనయ్యాక ఇచ్చేది బేరం. ముందే ఇస్తే ఆ తల్లి కాదనుద్దా? నోరు మూసుకోవే తెరేసా."

"అక్కడ గోడలెక్కిస్తారంట, తాళ్ళు పాకిస్తారంట. మోకాళ్ళు చెక్కుకుపోతే వీడి గతేం గాను?"

"మాత ఇచ్చిన మోకాళ్ళు మాతే చూసుకుంటదిలే."

"పోనీలే అక్కా, అమ్మ మనసు కష్టపెట్టటం దేనికి," అన్నాడు వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీ మైదానంలో వందమందిని ఒక్క కేకతో నిలబెట్టేవాడు, అమ్మ ముందు పిల్లి!

ఎండలో, రాళ్ళమీద, పైదాకా పాకాడు. వెనకే అమ్మ జపమాల చెప్పుకుంటూ, సంతోషంతో ఏడుస్తూ ఎక్కింది. దిగేసరికి రెండు మోకాళ్ళూ చీరుకుపోయాయి. అమ్మ పసుపు అద్ది సరిపెట్టింది. రైలెక్కే రోజుకి చీము పట్టింది. డాక్టరు దగ్గరికి పోదామంటే, "కట్టు కడితే అక్కడ అనుమానపడతారక్కా," అని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చిన రోజు స్టేషన్‌కి నేనే వెళ్ళాను. కుంటుకుంటూ దిగాడు. వాడి మొహం చూశాక ఇంక అడగాల్సిన పని లేకపోయింది. రిక్షా ఎక్కాక వాడే చెప్పాడు.

"ప్రశ్నలన్నిటికీ బాగానే చెప్పానక్కా. మేజరు మెచ్చుకున్నాడు కూడా. గోడ దగ్గరే మోకాలు వంగలా. అందరూ అవతలికి దూకారు. నేను గోడ మీదే ఉండిపోయా. దింపించి, ఎట్టా తగిలిందని అడిగారు."

"ఏం చెప్పావు?"

"సైకిలు మీంచి పడ్డానన్నా."

ఈ సంగతి అమ్మ మొహాన కొట్టినట్టు చెప్పాలని దారి పొడవునా మాటలు కూడగట్టుకున్నాను.

అమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "ఏమైందిరా నాన్నా?"

నేను నోరు తెరిచాను. వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నా ఇంగ్లీషు చాల్లేదమ్మా," అన్నాడు.

అమ్మ ఒక్కసారిగా విరుచుకుపడింది. "ఇన్నేళ్ళు కాలేజీలో ఏం వెలగబెట్టావురా సన్నాసీ! నీకు ముక్క రాకపోతే ఆ తల్లేం చేస్తది? ఆమెను తప్పు పట్టేవు, కళ్ళు పోతయ్!"

"లేదమ్మా. తప్పు నాదే."

తిట్టి తిట్టి, ఏడ్చి ఏడ్చి, ఆఖరికి చాప వేసి కంచం పెట్టింది. వాడింకా నిలబడే ఉండటం చూసి, "మోకాళ్ళు మానినయ్యా?" అని అడిగింది.

"ఎప్పుడో మానిపోయినయ్యమ్మా," అంటూ వాడు ఆమె చూస్తుండగానే రెండు కాళ్ళూ మడిచి చాప మీద కూర్చున్నాడు.

నేను వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.