బొరియలో వానకోవెలలు

నాకు అన్నిటికంటే పెద్ద భయం, నా కొడుకు సానెలే వెళ్లి బొరియలో పడిపోవడం. ఇంటి వెనక గడ్డికొండ మీద, చెదలు తినే పొడుగుమూతి జంతువు తవ్వి వదిలేసిన బొరియ అది. బిడ్డ జారితే నా చెయ్యి అందదు. మా ఆయన పైన్ తోటల్లో చెట్లు కొట్టే పనికి పోయి నెలకోసారి వస్తాడు. ఇక కొండ మీద ఉండేది నేనూ, బిడ్డా, అవతలి గుడిసెలో మాఖోజా అవ్వా.

వాడికి నడకొచ్చిన వారమే బొరియ పూడ్చాలని రాళ్లు మోయడం మొదలుపెట్టాను.

"ఏమే మాజోండీ, కొండంతా పూడ్చేస్తావా?" అంది అవ్వ.

"ఒక్క బొరియే అవ్వా."

"అందులో కాపురముంది, చూశావా? నీ మొగుడికంటే ఆ మగపిట్ట నయం. రోజూ ఇంటికొస్తుంది."

నవ్వొచ్చింది. బోర్లా పడుకుని చూశాను. బొరియ కప్పు కింద గోడకి బురదా గడ్డీ కలిపి అతికించిన సగం చిప్పలాంటి గూడు. లోపల పరిచినవి నా కోళ్ల తెల్ల ఈకలే. నీలి వానకోవెలలు. నీడలో నల్లగా, ఎండలోకి రాగానే ఉక్కులా నీలంగా ఉంటాయి. మగదాని తోకలో రెండు ఈకలు దారాల్లా సాగుంటాయి. కొండ మీద ఇంకో కుటుంబం ఉందంటే పూడ్చబుద్ధి కాలేదు. బిడ్డని వీపుకి కట్టుకునే తిరిగాను.

"వాడికి కాళ్లెందుకిచ్చాడో దేవుడు" అని అవ్వ ఎత్తిపొడిచేది.

ఒక మధ్యాహ్నం నడుం లాగేసి, వాణ్ణి గుమ్మంలో దించి మొక్కజొన్న గంజి కలుపుతున్నాను. తలెత్తేసరికి పొగమంచు గుమ్మం దాకా వచ్చేసింది. బిడ్డ లేడు.

బొరియ దగ్గరికి పరిగెత్తాను గాని తొంగిచూడకుండా అంచు దగ్గరే ఆగిపోయాను. మంచులోంచి వానకోవెల వచ్చింది, నోట్లో పురుగు. ఒక చుట్టు తిరిగి తిన్నగా లోపలికి దూరింది. గూట్లో పిట్టపిల్లలు కిచకిచమన్నాయి. లోపల మనిషి బిడ్డ ఉంటే అది దూరదు. అంటే వాడు అందులో లేడు.

అవతలి నుంచి అవ్వ గొంతు. "నీ కొడుకు నా చిలగడదుంపలు మింగుతున్నాడు. తీసుకుపో, లేదా నాకే వదిలెయ్."

గడ్డి ఎండేసరికి పిట్టలు ఉత్తరానికి వెళ్లిపోయాయి. నేనూ బిడ్డా కూడా మా ఆయన ఉండే కూలీల వరస ఇళ్లకి బయల్దేరాం. పోయేముందు పూడుస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు. "వానలకి నాకూ ఎవరో ఒకరు రావాలిగా" అంది.

అవ్వ నీళ్లకెళ్లే దారి బొరియ పక్కనుంచే. చూపు తగ్గింది. పడితే, అరిచినా వినేవాళ్లు లేరిప్పుడు. తొలివానల తర్వాత మీరెవరైనా అటు వెళ్తే, పిట్టలు బొరియలోకి దూరుతున్నాయో లేదో చూడండి. అక్కడితో ఆగిపోకండి. గుడిసె దాకా వెళ్లి, అవ్వా అని ఒకసారి పిలిచి రండి.