కదలని కాళ్ళు

పరుగు పందెం గీత మీద నిలబడి, గుండెలో నొప్పిగా ఉందని పిట్ట అనే పిల్ల చెబుతూనే ఉంది. పక్క గీతలో నిలబడ్డ, పరుగు పిల్లలందరిలోకీ వయసులో పెద్దదైన పెద్దక్క ఆ మాట చెవులారా విన్నది. డాక్టరు కూడా పరుగు వద్దన్నాడు. కానీ ఆ రోజు మంత్రిగారు చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. ఆయన బావమరిదే పరుగుల సంఘానికి అధ్యక్షుడు. ఆటగాళ్ళు ఎన్నుకున్న కమిటీని రద్దు చేయించి ఆ కుర్చీ ఎక్కిన పెద్దమనిషి. ఆ అధ్యక్షుడు ఒక్క చూపు చూస్తే డాక్టరు తల దించుకున్నాడు. పిట్ట పరుగెత్తింది. మలుపు దగ్గర కూలిపోయింది, మళ్ళీ లేవలేదు.

అది మొదలు పెద్దక్క ఎప్పుడు పరుగెత్తినా పక్కన ఇంకొకరి రొప్పు వినిపించేది. తల తిప్పితే ఎవరూ ఉండేవారు కాదు.

పిట్ట తన జబ్బు దాచిపెట్టిందని సంఘం ప్రకటించిన సాయంత్రం, పరుగెత్తే ఆడపిల్లలంతా తమ హాస్టల్ భోజనాల గదిలో బల్లలు గోడకు జరిపి కూర్చున్నారు. ఆ మాట వెనక్కి తీసుకుని అధ్యక్షుడు దిగిపోయేదాకా ఎవరూ పరుగెత్తకూడదని, జాతీయ జట్టు ఎంపికలో పందెం మొదలుపెట్టే తుపాకీ పేలినా గీత దగ్గరే ఉండిపోవాలని ఒక పిల్ల అన్నది. వాదన ముదిరింది.

“నీకింకా వయసుంది. నాకిదే ఆఖరి ఎంపిక,” అన్నది పెద్దక్క.

“పిట్టకీ అదే ఆఖరిదైంది కదక్కా.”

పెద్దక్క సరేనన్నది.

ఒప్పుకోవడం తేలికే, కాళ్ళు ఒప్పుకోవద్దూ? చప్పుడు వినబడీ వినబడక ముందే ఉరకడం నేర్పి పెంచిన కాళ్ళాయె. సాధన కోసం గదిలో ఒక పక్కన వరసగా వంగారు. తుపాకీ బదులు వంటావిడ పళ్ళెం మీద గరిటెతో ఒక్కటి కొట్టిందో లేదో అందరూ వెళ్ళి ఎదుటి గోడకు గుద్దుకున్నారు. పిట్ట పోయాక వాళ్ళు నవ్వడం అదే మొదలు.

“ముందు ఈ కాళ్ళ సంగతి చూడండమ్మా, మంత్రి సంగతి తర్వాత,” అన్నది వంటావిడ, మళ్ళీ గరిటె ఎత్తుతూ. కొట్టగా కొట్టగా చివరికి వేళ్ళు మాత్రమే వణికాయి.

ఎంపిక రోజున అధ్యక్షుడు పెద్దక్కను పక్కకు పిలిచాడు. ఆమె ఒక్కతే పరుగెత్తినా చాలు, జట్టులో చోటుకు తనది పూచీ అన్నాడు.

“పిట్ట దాచలేదని మైకులో చెప్పండి. పరుగెత్తుతాను.”

“పోయినవాళ్ళతో మనకేం పనమ్మా?”

ఆమె జవాబు చెప్పకుండా వెళ్ళి గీత దగ్గర వంగింది. పక్కన ఆ రొప్పు మొదలైంది. ఈసారి ఆమె తల తిప్పలేదు. తుపాకీ పేలింది. ఒళ్ళంతా ముందుకు ఉరికింది, వేళ్ళు మట్టిని పట్టుకుని ఆపాయి. ఏ గీతలోనూ ఎవరూ లేవలేదు.

పోలీసులు వచ్చి వాళ్ళను ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు. తలుపు మూసేశాక బయట మగపిల్లలను పందేనికి పిలవడం వినిపించింది. వాళ్ళు సమావేశానికి రాలేదు, ఎవరికీ మాట ఇవ్వలేదు. వ్యానులో అందరూ తలుపు వైపు జరిగారు.

తుపాకీ పేలింది.

పెద్దక్క ఇనప రేకుకు చెవి ఆనించి అడుగుల చప్పుడు కోసం విన్నది. ఒక్క అడుగూ పడలేదు.