టేపులో నవ్వు

చివరి టికెట్ చింపి ఇచ్చి, శరణప్ప ఖాకీ చొక్కా జేబు మరోసారి తడిమి చూసుకున్నాడు. క్యాసెట్టు ఉంది. న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ వెళ్లే బస్సు, చెరుకు బండ్ల వెనక నెమ్మదిగా పోతోంది.

క్యాసెట్టు అతని భార్య భాగీరథిది. బాల్వాడీలో పనిచేస్తూ ఓపెన్ డిగ్రీ చదువుతోంది. ఒక్కో పాఠాన్నీ నలుగురు విద్యార్థులు కలిసి తయారుచేయాలి. కలిసేది ఆదివారం క్లాసులోనే, ఎవరింట్లోనూ ఫోను లేదు. అందుకని ఒకరు తమ భాగం క్యాసెట్టులో చెప్పి బస్సులో పంపితే, ఇంకొకరు విని తమ మాట దాని వెనక చేరుస్తారు. దాన్ని జహీరాబాద్‌లో రాయికోడ్ బస్సు కండక్టరుకు ఇస్తే, అతను ఆ నలుగురిలో ఒకడైన బస్వరాజ్ సారుకు అందిస్తాడు.

శరణప్ప బక్కపలచని మనిషి. ఎవరి పాసునైనా వెనక్కీ ముందుకీ తిప్పి చూడందే వదలడు. భాగీరథి తలుపేసుకుని టేప్ రికార్డర్‌తో మాట్లాడుతుంది. అతను రాగానే ఆపేస్తుంది.

ఆ రోజు బస్టాండు ఎదుట రామ్‌కిషన్ రేడియో షాపులోకి వెళ్లాడు.

"జర ఇది పెట్టు."

పాఠమే. పంటలు, ధరలు. మధ్యలో బస్వరాజ్ గొంతు: "భాగీరథమ్మా, గీ ముక్క సమజ్ కాలే. మల్ల చెప్పున్రి." ఆమె చెప్పబోయి తడబడింది, పకపకా నవ్వింది. ఆ నవ్వు శరణప్ప తన ఇంట్లో ఎన్నడూ వినలేదు.

రామ్‌కిషన్ అటు తిరగ్గానే శరణప్ప టేపు వెనక్కి తిప్పి, రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కాడు. నవ్వు చెరిగిపోతే చాలనుకున్నాడు.

"ఏం చేస్తున్నవ్ శరణప్పా?"

"నా పెండ్లాం వానితోని ఎందుకు నవ్వుతది? ఆమెకు, ఆ సారుకు ఏమున్నదో నాకు తెల్వాలె."

రామ్‌కిషన్ క్యాసెట్టు తీసి ఇచ్చాడు. శరణప్ప దాన్ని ఎప్పటిలాగే రాయికోడ్ బస్సుకు అందించాడు.

ఆదివారం భాగీరథి క్లాసు మధ్యలోనే ఇంటికొచ్చింది.

"నా నవ్వు తుడిచినవ్. దాని మీద నీ మాట ఎక్కింది. నలుగురం కూసొని విన్నం."

శరణప్ప ముఖం పాలిపోయింది.

"నన్నడిగితే చెప్తుంటి," అంది.

"మరి ఏమున్నది?" అన్నాడు.

ఆమె మేకుకున్న సంచి తీసింది. "పాఠమున్నది."

సంచిలో రెండు చీరలు, పుస్తకాలు సర్దుకుంది. "జహీరాబాద్‌ల మా అక్క తాన ఉంట. పరీక్షలైనంక చూద్దం."

శరణప్ప గడపలో నిలబడి, ఆమె ఏ బస్సెక్కుతుందో చూశాడు. జహీరాబాద్ బస్సే. అయినా అది మలుపు తిరిగేదాకా కదల్లేదు.

లోపల పొయ్యిగట్టు మీద, ఆమె నీళ్లు తాగి బోర్లించిన స్టీలు గ్లాసు చుట్టూ తడి ఇంకా ఆరలేదు.