ఒకటో అంశం దగ్గర ఖాళీ

మా వార్డులో ఓటు వెయ్యడానికి ఎవరూ బుర్ర ఉపయోగించరు. నేనిచ్చే కార్డు ఉపయోగిస్తారు. వెక్కిరించడం లేదు, ఇరవై రెండేళ్ళు తిరిగి తిరిగి ఆ అలవాటు చేసింది నేనే. ప్రతి ఎన్నికకూ డెమొక్రాటిక్ పార్టీ అరచేతిలో పట్టేంత పసుపు అట్టముక్క అచ్చు వేస్తుంది. అధ్యక్షుడి దగ్గర్నుంచి రోడ్లు చూసే ఇంజనీరు దాకా ఎవరికి వెయ్యాలో, ఏ అంశానికి అవుననాలో, దేనికి కాదనాలో అందులో ఉంటుంది. వార్డు కెప్టెన్‌గా, ఓట్లు వేసే చర్చి హాలు బయట నిలబడి వాటిని పంచడం నా పని. జనం దాన్ని లోపలికి పట్టుకెళ్ళి, చూసి, అచ్చం అలాగే ఓటు పత్రంలో చిల్లులు పొడిచి వస్తారు.

2004లో మా ఒహాయో రాష్ట్రం ఓటు పత్రం మీద ఒకటో అంశం అని ఒకటి వచ్చింది. పెళ్ళి అంటే ఒక మగవాడికీ ఒక ఆడదానికీ మధ్య జరిగేదేనని, దాన్ని పోలిన ఇంకే బంధాన్నీ గుర్తించకూడదని రాష్ట్ర రాజ్యాంగంలో రాయాలా వద్దా అన్నది ప్రశ్న. అవునంటే మా మొహాన తలుపు వేసినట్టు. కాదంటే ఉన్నదేదో ఉంటుంది.

మేమంటే నేనూ, వెండెలూ. ఇద్దరం మగవాళ్ళమే, పంతొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాం. పెళ్ళి మీద నాకేమీ మోజు లేదు. కానీ వెండెల్ గుండెలో కవాటం పాడైంది, జనవరి పన్నెండున ఆపరేషన్. అతని పూలకొట్టు మూతపడ్డాక, నేను బాయిలర్లు చూసే యూనివర్సిటీవాళ్ళు నా ఆరోగ్య బీమాలో అతని పేరు కూడా చేర్చారు. ఒకటో అంశం నెగ్గితే డిసెంబరు నుంచి ఆ పేరు తీసెయ్యక తప్పదని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. చెబుతున్నంతసేపూ కంప్యూటర్ వైపే చూసింది తప్ప నా వైపు చూడలేదు.

ఆగస్టులోనే వెళ్ళి లోరెటాని కలిశాను. జిల్లా పార్టీకి ఆమె అధ్యక్షురాలు, బళ్ళో నా పక్క బెంచీ.

"ఎమిల్, ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఆ ఒకటో అంశం మాటెత్తకు. ఎవరైనా అడిగితే ఉద్యోగాల మీదకి మళ్ళించు," అంది.

"మరి కార్డులో?"

"కార్డులో 'కాదు' అనే ఉంటుంది. నామీద వదిలెయ్. నీకు నేను అన్యాయం చేస్తానా?"

చెయ్యదనే అనుకున్నాను. మా నాన్న మిల్లులో ఉన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఇంకో పార్టీ పేరెత్తితే అన్నం సహించేది కాదు. ఆ పార్టీకి నేను కెప్టెన్ని కాకముందు నుంచీ, పాతికేళ్ళు పోస్టర్లు అంటించాను, ముసలివాళ్ళని కారెక్కించుకుని తీసుకొచ్చాను, ఓడినవాళ్ళ పక్కన కూర్చుని ఏడ్చాను. ఒక్క మాట అచ్చు వెయ్యడానికి ఆపాటి చాకిరీ చాలదా అనుకున్నాను.

వెండెల్ మాత్రం నవ్వాడు. అతను ముప్పై ఏళ్ళుగా అవతలి పార్టీ మనిషి. పన్నులంటే మంట, యూనియన్లంటే ఇంకా మంట. ఒకటో అంశాన్ని వాళ్ళవాళ్ళే పట్టుబట్టి పెట్టించారు, చర్చిలకు పోయేవాళ్ళు ఎగబడి ఓటెయ్యడానికి వస్తారని. అది తెలిసిన రోజు వెండెల్ తన పార్టీ సభ్యత్వం చీటీని చింపలేదు, అరవలేదు. కుర్చీలో కూర్చుని షూ లేసులు విప్పుకున్నాడు.

"నావాళ్ళు నా మొహం మీదే తలుపేశారు. బాధే గానీ, మోసం లేదు. నీవాళ్ళు పెరటి గుమ్మంలోంచి రమ్మంటారు, పక్కింటివాళ్ళు చూడకుండా," అన్నాడు.

"రానిస్తారు కదయ్యా."

"రానిస్తారు. గిన్నెలు తోమడానికి."

నాకు ఒళ్ళు మండింది. నీకేం తెలుసు అని విసుక్కున్నాను. రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగాను. ఒకటో అంశం గురించి ఎవరడిగినా మూతపడ్డ మిల్లుల గురించి మాట్లాడాను. ఒక ఆదివారం పక్కింటి ఫిలొమినా ఆంటీ కంచె దగ్గర ఆపింది. ఎనభై దాటిన ఇటాలియన్ ముసలమ్మ, వెండెల్‌కి ఉప్పు తగ్గించి మరీ సూప్ చేసి పంపుతుంది.

"ఏం నాయనా, ఈసారి కాగితంలో మీ ఇద్దరి సంగతేదో ఉందటగా. ఏమిటది?"

రెండు మాటల్లో అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ వీధిలోనే పార్టీ కుర్రాళ్ళు కరపత్రాలు పంచుతున్నారు, లోరెటా మాట చెవిలోనే ఉంది.

"అదంతా పార్టీ చూసుకుంటుంది ఆంటీ. మీరు కార్డు చూసి వెయ్యండి చాలు," అన్నాను.

"కార్డు చూడకుండా ఎప్పుడేశాను?" అంది ఆవిడ.

ఎన్నికల ముందురోజు కార్డుల పెట్టె వచ్చింది. గుమ్మంలోనే విప్పి చూశాను. స్కూళ్ళ పన్నుకి అవును, అగ్నిమాపక కేంద్రానికి అవును. ఒకటో అంశం అని రాసి, దాని ఎదురుగా ఏమీ లేదు. అవునూ లేదు, కాదూ లేదు. లోరెటాకి ఫోన్ చేశాను.

"పైనుంచి వచ్చిందిరా బాబూ, నేనేం చెయ్యను? మన అభ్యర్థికి చర్చివాళ్ళ ఓట్లు కావాలి. ఆయన ఓడితే మీకు మాత్రం ఎవరు దిక్కు?"

"జనవరిలో ఆపరేషనని నీకు చెప్పాను, లోరెటా."

"తెలుసు. రోజూ ప్రార్థన చేస్తున్నాను వెండెల్ కోసం. కార్డుల మీద మాత్రం ఏమీ రాయకు, ఎవరైనా ఫొటో తీశారంటే రేపు పేపర్లో పడుతుంది. మాటివ్వు."

ఇచ్చాను. ఎందుకిచ్చానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్న సన్నగా వాన. చర్చి హాలుకి వంద అడుగుల దూరంలో రెండు చిన్న జెండాలు పాతారు. అవి దాటితే ఎవరికీ ఏమీ చెప్పకూడదు. జెండాలకి ఇవతల ఒకవైపు నేను, ఇంకోవైపు అవతలి పార్టీ కార్యకర్త, కళ్ళద్దాల పెద్దమనిషి. అతని కార్డులో ఒకటో అంశం ఎదురుగా వేలెడంత అక్షరాలతో 'అవును' అని ఉంది. వాళ్ళకి మొహమాటం లేదు.

పదింటికి వెండెల్ వచ్చి ఓటేసి బయటికొచ్చాడు. మెట్లెక్కి దిగినందుకే ఆయాసపడుతున్నాడు.

"అధ్యక్షుడి దగ్గర ఎవరికీ పొడవలేదు," అన్నాడు. "ఒకటో అంశానికి మాత్రం కాదని పొడిచాను. గొడుగు పట్టుకోనా?"

అతను గొడుగు పట్టుకుంటే నేను కార్డులు పంచాను. చర్చి బస్సులోంచి ఫిలొమినా ఆంటీ, ఆవిడ జపమాల బృందం దిగారు, పదకొండు మంది ముసలమ్మలు. అందరూ వరసగా నా దగ్గర కార్డు తీసుకుని లోపలికెళ్ళారు. అరగంటకి బయటికొచ్చారు. ఫిలొమినా ఆంటీ తిన్నగా మా దగ్గరికొచ్చి వెండెల్ చెంప నిమిరి, నా వైపు తిరిగింది.

"కార్డులో మీ సంగతి దగ్గర ఖాళీగా ఉంది నాయనా. నాకర్థమైందిలే. నీ చేత్తో పంచే కాగితంలో నీ సంగతి నువ్వెలా రాయించుకుంటావు, సిగ్గు కదూ? అందుకే నేనే చూసుకున్నాను."

"ఏం చూసుకున్నారు ఆంటీ?" అన్నాను.

"ఆ చీమల అక్షరాలు ఎవడు చదువుతాడు? మగాళ్ళ పెళ్ళి సంగతని తెలుసుగా. అవునని పొడిచాను. బస్సులోనే వీళ్ళందరికీ చెప్పాను, మన ఎమిల్ కోసం, ఆ పిల్లాడి గుండె కోసం, అందరూ అవుననండే అని. కార్మెలా ఒక్కతే కాస్త నసిగింది. ఆమెనీ ఒప్పించాను."

వెండెల్ వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ మేలు మర్చిపోం ఆంటీ," అన్నాడు.

"ఇదేం మేలు. సూప్ పంపుతాను, వేడిగా ఉండగానే తాగు," అని ఆవిడ బస్సెక్కింది.

బస్సు వెళ్ళిపోయింది. కంచె దగ్గర ఆవిడ అడిగిందని, నేను చెప్పలేదని వెండెల్‌కి తెలుసు. గొడుగు నా చేతిలో పెట్టి, చలిగా ఉందంటూ వెళ్ళి కారులో కూర్చున్నాడు.

నా దగ్గర కలం లేదు. అవతలి పార్టీ పెద్దమనిషిని అడిగాను. పాపం మర్యాదస్తుడు, మూత తీసి మరీ ఇచ్చాడు. ఒక్కో కార్డు మీద ఒకటో అంశం ఎదురుగా 'కాదు' అని పెద్దగా రాయడం మొదలెట్టాను. ఆరో ఏడో రాశాక మిస్సెస్ డ్రాబిక్ వచ్చింది. మా నాన్నతో మిల్లులో పనిచేసినాయన భార్య, నన్ను చిన్నప్పటి నుంచీ ఎరిగినావిడ. చేతిరాత చూసి ఆగింది.

"ఇది పార్టీ రాయించిందేనా?"

"కాదండీ. నేనే రాశాను."

"నువ్వా?" కార్డు వెనక్కి ఇచ్చేసింది. కోపంగా కాదు, కూరగాయల బుట్టలో పుచ్చు వంకాయ పక్కన పెట్టినట్టు. "మరి రాయనిది ఉంటే ఇవ్వు బాబూ. పార్టీ ఏం చెప్పిందో అదే వేస్తాను. నువ్వేగా ఎప్పుడూ అలా వెయ్యమనేది."

జేబులో రాయనివి ఇంకా చాలా ఉన్నాయి. ఒకటి తీసి ఇచ్చాను.