గోధుమరంగు వలయం

ఉదయం ఏడు గంటలకు చంద్రరావు నలభై ఎనిమిదో పరీక్షనాళికను కడుగుతున్నాడు. ఆ రోజు ప్రయోగాలేమీ లేవు. నాళికలన్నీ నిన్న కడిగినవే. అయినా, ముప్ఫై ఏళ్లుగా ఏడింటికి నాళికలు కడుగుతున్న చేతులకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సన్నటి బ్రష్షును లోపలికి దూర్చి, మూడుసార్లు తిప్పి, నీళ్లు వంచేసి, కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తాడు. కిరీటంలో పొదగబోయే రత్నాన్ని పరీక్షించే ఆస్థాన వర్తకుడు కూడా అంత గంభీరంగా చూసి ఉండడు. మచ్చ మిగిలిన నాళికకు ఆ కొలువులో క్షమాభిక్ష లేదు.

మండపేటకు నాలుగు మైళ్ల దూరంలో, రెండు రైసుమిల్లుల నడుమ ఇరుక్కున్న జూనియర్ కళాశాల అది. అందులో రసాయనశాస్త్ర ప్రయోగశాలగా వ్యవహరింపబడే పొడుగాటి రేకుల హాలుకు చంద్రరావు అటెండరు. గంధకామ్లానికి ద్వారపాలకుడు, అమ్మోనియాకు ఆంతరంగికుడు. మిల్లుల ఊకధూళి మీద ప్రతిదినం దండయాత్ర చేసే ఏకైక సైనికుడు కూడా అతనే. సిల్వర్ నైట్రేటు అతని వేళ్ల కొసల మీద వేసిన నల్లమచ్చలు పెళ్లినాటి పారాణి కంటే గట్టిగా నిలిచాయి. ఖాకీ చొక్కా ముందుభాగం ఆమ్లపు చుక్కలకు జల్లెడైంది. దానికి అతుకులు వేయడం అతని భార్య సంపూర్ణమ్మ ఏనాడో విరమించుకుంది.

ఇంతటి వైభవం గల మనిషికి కూర్చోవడానికి కుర్చీ లేదు. ఒక స్టూలుంది. దాని నాలుగు కాళ్లలో మూడు మాత్రమే ఒక మాట మీద ఉంటాయి. కుర్చీ ఆఫీసు గదిలో ఉంది. పేము అల్లికది, చేతులున్నది. పాత గుమాస్తా రిటైరైన నాటినుంచి ఖాళీగా ఉంది. ఇంటర్మీడియట్ పాసైతే ప్రమోషన్ కాగితం పైకి పంపుతానని ప్రిన్సిపాల్ గారు మాట ఇచ్చారు. ఆ మాట మీద చంద్రరావు యాభై ఆరో ఏట ఓపెన్ స్కూలులో చేరాడు. మిగతా సబ్జెక్టులన్నీ మొదటి ఏడాదే గట్టెక్కాయి. ‘మన ఇంట్లోదే కదా’ అనుకున్న కెమిస్ట్రీ మాత్రం రెండుసార్లు తప్పింది. మొదటిసారి ఇరవై తొమ్మిది, రెండోసారి ముప్ఫై ఒకటి. కావలసింది ముప్ఫై అయిదు. ఈ లెక్కన తాను పురోగమిస్తున్నానని చంద్రరావు నమ్మకం.

నాళికలను స్టాండులో బోర్లించి, హాల్‌టికెట్టు జేబులో పెట్టుకుని, అరపూట సెలవుచీటీ ఆఫీసులో ఇచ్చి, సైకిలెక్కాడు.

*

మధ్యాహ్నం పన్నెండుకు మండపేటలోని పరీక్షాకేంద్రం గేటు తెరుచుకుంది. యుద్ధరంగం నుంచి మరలిన సేనలాగా అభ్యర్థులు చెరకురసం బండి దగ్గర పోగయ్యారు. క్షతగాత్రులు ఎక్కువ, విజేతలు లేరు.

“పేపరు సెట్ చేసినోడికి పిల్లల్లేరనుకుంటానండి, బాబాయ్ గారూ,” అన్నాడు గణేష్‌బాబు. ధాన్యం ట్రాక్టరు తోలే కుర్రవాడు. మూడేళ్ల క్రితం చంద్రరావు ల్యాబులోనే రెండు బ్యూరెట్లు విరగ్గొట్టి, ఇంటర్ తప్పాడు.

“నీ గోల ఆపు. మొలాలిటీ లెక్కకి ఎంతొచ్చింది?” అంది పావని. ఆమెదీ అదే బ్యాచి. బట్టల కొట్లో పనిచేస్తూ చదువుకుంటోంది. ఈసారి పాసైతే నర్సింగులో చేరుతుంది. అందుకని ప్రశ్నపత్రం మొత్తం పెన్సిల్ టిక్కులతో నింపేసింది.

“రెండు పాయింట్ అయిదు.”

“నాకు సున్నా పాయింట్ రెండు అయిదు.”

“అయితే ఇద్దర్లో ఒకళ్లం పోయాం.”

“ఇద్దరం పోయుండొచ్చు. మీకెంతండి, బాబాయ్ గారూ?”

“నాకు గ్రాముల్లో వచ్చిందమ్మా,” అన్నాడు చంద్రరావు.

పావని మర్యాదస్తురాలు కాబట్టి చెరకురసం గ్లాసులోకి చూసింది. ఆ తర్వాత అతని జవాబులను ఒక్కొక్కటే అడిగి, పేపరు అంచున మార్కులు వేసింది. మూడు పుటల వ్యాసానికి అయిదు ఇచ్చింది. సమీకరణాలకు సగం కోసింది. చంద్రరావు చేతులు కట్టుకుని, తీర్పు వినే సామంతరాజులాగా నిలబడ్డాడు.

“ముప్ఫై మూడు... నాలుగు. పదిహేడోది కలపలేదింకా.”

చంద్రరావు ముఖం వెలిగింది. “అదొక్కటీ మాత్రం నాలుగుకి నాలుగమ్మా. నైట్రేటుకి వలయ పరీక్ష. నా చేత్తో చేసేదాన్ని మళ్లీ చదవడమేంటని గైడులో ఆ పేజీ తిప్పేశాను.”

“ఏం రాశారండి?”

అతను గొంతు సవరించుకున్నాడు. “లవణ ద్రావణమునకు ఫెర్రస్ సల్ఫేటు ద్రావణము కలిపి, నాళికను ఏటవాలుగా పట్టుకుని, గోడ వెంబడి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమును చుక్కలుగా జార్చవలెను. వలయము రాదు. వచ్చినట్టు రాసుకొనవలెను.”

గణేష్‌బాబుకు పొలమారింది. బండివాడు అతని వీపు చరిచాడు.

“నవ్వుతావేంట్రా? మీ బ్యాచికి వచ్చిందా?”

“రాలేదండి. ఏ బ్యాచికొచ్చింది గనక! అలాగని రాలేదని రాసేస్తారేంటండి బాబూ!”

పావని నవ్వలేదు. కళ్లు మూసుకుని, గైడులోని పేజీని మనసులో తెరిచి చదివింది: “అప్పటికప్పుడు తయారుచేసిన ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణాన్ని కలిపి...”

“ఆగమ్మా. అప్పటికప్పుడా?”

“అంతే ఉందండి. అప్పుడే కలిపిందవ్వాలంట.”

“మన సీసాలోది?”

పావని ప్రశ్నపత్రాన్ని నాలుగు మడతలు పెట్టింది. “అది మీరు ప్రాక్టికల్స్ మొదటిరోజు కలిపిందేనండి. నైట్రేటు వంతు వచ్చేసరికి ఎప్పుడూ పన్నెండో రోజు.”

చంద్రరావు గ్లాసును బండి మీద పెట్టాడు. రసం సగం మిగిలే ఉంది.

*

రెండున్నరకు అతను ల్యాబులో ఉన్నాడు. మూడో అరలోంచి సీసా దించాడు. ఫిబ్రవరిలో కలిపిన ద్రావణం మార్చి చివరికి తేనెరంగుకు తిరిగి, అడుగున తుప్పు పట్టి ఉంది. పూర్వం కెమిస్ట్రీ చెప్పిన జ్ఞానప్రకాశం మాస్టారు ఒకసారి ఆజ్ఞాపించారు: “మొదటిరోజే అన్నీ కలిపి ఉంచెయ్యవోయ్, మధ్యలో పరుగులొద్దు.” మాస్టారు రిటైరయ్యారు, ఆజ్ఞ కాలేదు.

ముందుగా పాత ద్రావణంతో చేశాడు. ఆమ్లం జారింది. వలయం రాలేదు. ఇది ముప్ఫై ఏళ్లుగా ఎరిగిన సత్యం.

తర్వాత డబ్బాలోంచి లేతాకుపచ్చ స్ఫటికాలు తీశాడు. పైన పట్టిన పసుపు పొడిని నీళ్లతో కడిగేశాడు. సజల ఆమ్లం రెండు చుక్కలు వేసి, చల్లటి నీళ్లలో కరిగించాడు. పొద్దున కడిగిన నాళికల్లో ఒకదాన్ని తీసి, నైట్రేటు పోసి, దీన్ని కలిపి, ఏటవాలుగా పట్టుకున్నాడు. ఆమ్లం గోడ వెంబడి నూనెలా దిగి, అడుక్కి చేరింది. రెండు ద్రవాలూ కలిసే గీత దగ్గర ముందొక నీడ కదిలింది. నీడ చిక్కబడింది. కాఫీ డికాక్షన్ రంగులో, చుట్టూ తెగకుండా, వలయం నిలిచింది.

చంద్రరావు స్టూలు మీద కూర్చున్నాడు. ఏడాదికి నూట ఇరవై మంది, ముప్ఫై ఏళ్లు. మూడువేల ఆరువందల మంది చేత రికార్డు పుస్తకాల్లో అబద్ధం రాయించినవాడు తానే. పుస్తకం ఏనాడూ అబద్ధమాడలేదు. తన సీసా ఆడింది.

లేచి, మళ్లీ చేశాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి చేస్తుండగా కెమిస్ట్రీ లెక్చరరు గీతిక తలుపు దగ్గర కనిపించింది.

“ఏంటండీ చంద్రరావు గారూ, సెలవన్నారు? పరీక్ష ఎలా రాశారు?”

“ఒక ప్రశ్న తప్పు రాశానండి, మేడం.”

“ఏది?”

అతను నాళికను ఆమె ముందుకు చాచాడు. ఆరేళ్లుగా ఆ పరీక్షను బోర్డు మీద రంగుసుద్దతో గీసి బోధిస్తున్న గీతిక కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఇది... నిజంగా ఇలా వస్తుందాండీ?”

“మీరు చూళ్లేదాండి?”

“నేను చదివిన కాలేజీలోనూ మొదటిరోజే కలిపేసేవారండి,” అంది నెమ్మదిగా.

చంద్రరావు సీసాలోని పాత ద్రావణాన్ని సింకులో పారబోశాడు. తుప్పును బ్రష్షుతో తోమి, మూడు నీళ్లు మార్చి, వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూశాడు. తెల్లకాగితం ముక్క మీద గుండ్రటి అక్షరాలతో ఏదో రాసి, జిగురు పూసి, సీసాకు అంటించాడు.

“మేడం, మళ్లీ పరీక్షకి ఫీజు ఎప్పటినుంచి కట్టించుకుంటారండి?”

“ఇంకా రిజల్టే రాలేదు కదండీ!”

“వచ్చేసిందండి. పావని చెప్పింది.”

*

మేలో ఫలితాలొచ్చాయి. పావని యాభై రెండుతో పాసైంది. చంద్రరావుకు ముప్ఫై నాలుగు. కెమిస్ట్రీ సంగతి ఎలా ఉన్నా, ఆమె కూడికలో దోషం లేదు. అతను అదేరోజు ఫీజు కట్టి, గైడులో ఒకప్పుడు తిప్పేసిన పేజీ నుంచి చదువు మొదలుపెట్టాడు.

జూన్ బదిలీల్లో అతనికి మొగల్తూరు పడింది. పోస్టు అదే, అటెండరు. వీడ్కోలు సభ జరగలేదు. ఆ రోజు అడ్మిషన్ల రద్దీ. పొద్దున ఏడింటికి వచ్చి, నాళికలు కడిగి, తాళాలు గీతికకు అప్పగించాడు. ఆఫీసు గది ముందు ఒక్క క్షణం ఆగి, పేము కుర్చీ వంక చూసి, “మొగల్తూరులోనూ ఉంటుందిలే ఒకటి,” అని దానికే చెప్పినట్టు చెప్పి, గైడు సంచిలో సర్దుకుని బస్సు కోసం నడిచాడు.

మరుసటి ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్ జరిగాయి. అటెండరు పోస్టు ఖాళీగానే ఉంది. గీతిక పూటపూటా స్ఫటికాలు తూచి ఇచ్చింది. నూట ఇరవై మందీ రికార్డులో ‘వలయం ఏర్పడినది’ అని ఎప్పటిలాగే రాశారు. ఈసారి చూసి రాశారు.

మూడో అరలో ఆ సీసా మచ్చలేకుండా, ఖాళీగా ఉంది. దాని మీది కాగితానికి ఒక మూల ఊకధూళి పట్టింది. అక్షరాలు మాత్రం గుండ్రంగా, నల్లగా నిలిచే ఉన్నాయి: ‘ఇందులో ఏదియు నిలవ ఉంచరాదు. ఏ పూటది ఆ పూటే కలుపుకొనవలెను.’