బొట్టు పెట్టిన అడవి

నల్లమలలో సఫారీకి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర గొంతులు తీసి బుట్టలో పెట్టి వెళ్ళాలి. గుడి బయట చెప్పులు వదిలినట్టే, కాకపోతే టోకెన్లు ఇవ్వరు. ఇందుమతి గొంతు పెద్దది, మార్కాపురంలో మూడు వీధుల అవతలికి వినబడేది. బుట్టలో సగం అదే నిండిపోతుంది.

"ఇంత గొంతు ఇన్నాళ్ళూ ఎట్టా మోశావమ్మా?" అంటుంది గేటు దగ్గరి ఆడమనిషి, మూత అదిమి పెడుతూ. బదులు చెప్పే వీల్లేక ఇందుమతి ఆమెను ఎగాదిగా చూసి జీపెక్కుతుంది.

వెనక సీట్లో అప్పటికే ఒకామె కూర్చుని ఉంది. ఆమె ఇందుమతి చెల్లెలు రాజ్యం. ఎవరి టిక్కెట్టు వాళ్ళే కొనుక్కున్నారు, వచ్చింది మాత్రం ఒకే సీటు.

అక్కాచెల్లెళ్ళకి రెండేళ్ళుగా మాటల్లేవు. కొత్త ఇంటి గృహప్రవేశానికి ఇందుమతి ఊరందరినీ గడప గడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. చెల్లెలేగా, పరాయిదా ఏమన్నా అనుకుని, రాజ్యానికి మాత్రం వాట్సాప్‌లో కార్డు పడేసింది. రాజ్యం రాలేదు. ఆ రోజు పొయ్యి మీద పెట్టిన పాలు ఈ రోజుకీ పొంగలేదు. అంచు దాకా వస్తాయి, గుమ్మం వైపు చూస్తాయి, దిగిపోతాయి. పాలు పొంగని ఇల్లు ఇల్లెట్లా అవుతుంది? ఇందుమతి పక్కింట్లో వండుకుని, తన ఇంట్లో చుట్టంలా ఓ మూల కూర్చుని తింటోంది. ఒక్క మాటతో తీరిపోయేదే. ఆ మాట ముందు చెల్లెలే అనాలని ఆమె పంతం, అక్కే అనాలని రాజ్యం పంతం. ఒక కడుపున పుట్టినవాళ్ళే మరి.

ఇందుమతి సీట్లో ఈ పక్కకి జరుగుతుంది. రాజ్యం ఆ పక్కకి జరుగుతుంది. సీటు మూరెడు పెరుగుతుంది. మళ్ళీ జరుగుతారు, మళ్ళీ పెరుగుతుంది. కాసేపటికి ఇద్దరి మధ్యా గడ్డి మొలిచి, కుందేళ్ళు దారి చేసుకుంటాయి.

డ్రైవరు ఈదన్నకి గొంతు ఉంచుకోవడానికి పర్మిషనుంది. "పులమ్మ ఊరికే కనపడదు తల్లీ," అంటాడు జీపు ఆపి. "శానా మర్యాదస్తురాలు. బొట్టు పెట్టి పిలవాల."

పిలిస్తే పలకనివాళ్ళని 'ఏం, బొట్టు పెట్టి పిలవాలా?' అని దెప్పే నోరు ఇందుమతిది. ఇప్పుడా నోట్లో గొంతు లేదు. హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసుకుని నోరు మూసుకుని దిగుతుంది.

అడవిలో ప్రతి చెట్టుకీ ఒక తలుపుంది. వీధిలోకి పిలుపుకి వెళ్ళాక ఒక ఇల్లు పిలిచి ఒక ఇల్లు వదిలెయ్యడం ఎంత తప్పో ఇందుమతికి ఒకరు చెప్పక్కర్లేదు. వరసగా తలుపులు తడుతుంది. దుప్పి బయటికొచ్చి "నాకొక్కదానికేనా, ఇంటిల్లిపాదికా?" అని అడుగుతుంది. ఇందుమతి చెయ్యి గుండ్రంగా తిప్పుతుంది, అందరూ అని. ఆడనెమలి రెక్కతో నుదురు తుడుచుకుని తల వంచుతుంది. ఎలుగుబంటి తేనె చేతులు కడుక్కొచ్చి, కాఫీ తాగితే గానీ కదలనివ్వనంటుంది. పిలుపులంటే ఇందుమతికి ప్రాణం. ఇంత సంతోషంగా ఆమె తిరిగి చాలా రోజులైంది.

చివరి ఇల్లు పులిది. గుహ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"దేనికమ్మా పిలుపు?"

ఇందుమతి వేలితో గాల్లో ఇల్లు గీసి చూపిస్తుంది.

"గృహప్రవేశమా, సంతోషం. వీధంతా పిలిచావా?"

పిలిచానని తలాడిస్తుంది.

"మరి ఆ జీపులో ఆవిణ్ణి?"

ఇందుమతి వెనక్కి తిరిగి చూస్తుంది. సీటు చిట్టచివర రాజ్యం అగ్గిపుల్లంత కనిపిస్తోంది. మా చెల్లెలేలే అన్నట్టు ఇందుమతి చెయ్యి ఊపుతుంది.

"చెల్లెలైతే? ఆవిడకి గడప లేదా?" అంటుంది పులి. "ఒక గడప వదిలేసిన పిలుపుకి నేను రాను." మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోతుంది.

ఇందుమతికి సిగ్గేస్తుంది. ఆ కార్డు పంపిన రోజే వెయ్యాల్సిన సిగ్గు, దారి తప్పి ఇక్కడికొచ్చి పట్టుకుంది. భరిణె చూస్తే అడుగున చిటికెడైనా లేదు. చాలకపోతే? మొహం తిప్పేసుకుంటే? జీపెక్కి, సీటు మీది గడ్డిలోనే నడిచి నడిచి, కుందేళ్ళకి దారిస్తూ, చెల్లెలి దగ్గరికి చేరుతుంది. గోటితో భరిణె అడుగంతా గీకి వేలు చాపుతుంది.

రాజ్యం మొహం తిప్పుకోదు. గడ్డం కాస్త పైకెత్తుతుంది. బొట్టు పెట్టించుకుని, భరిణె మూతకి అంటిన కుంకుమ వేలితో తీసి అక్క నుదుట పెడుతుంది. ముక్కు మీద రాలిన పొడి కొంగుతో తుడుస్తుంది.

సీటు ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. కుందేళ్ళు కిందికి దూకేస్తాయి. అక్క ఒళ్ళో చెల్లెలు పడుతుంది. ముందు సీట్లోకి పులి ఎక్కి కూర్చుంటుంది, ఉత్త చేతులతో రాకూడదని చిక్కుడుకాయల బుట్ట పట్టుకుని.

గేటు దగ్గర గొంతులన్నీ కలిసిపోయి ఉన్నాయి, పెళ్ళివారింటి గుమ్మంలో చెప్పుల్లాగే. తొందరలో ఎవరి చేతికందింది వాళ్ళు తీసుకుంటారు. ఇందుమతి నోరు తెరుస్తుంది.

"అక్కా," అంటుంది ఆమె నోట్లోంచి రాజ్యం సన్నటి గొంతు.

"ఇంటికి రావే చెల్లీ!" అంటుంది రాజ్యం నోట్లోంచి ఇందుమతి గొంతు. చెట్ల మీది పక్షులన్నీ లేస్తాయి.

ముందు మాట్లాడింది ఎవరు? నోరు ఇందుమతిది, గొంతు రాజ్యానిది. తీర్పు చెప్పమని ఈదన్నని అడిగితే, "నేను బండి తోలేటోణ్ణి తల్లీ, నన్నొదిలెయ్యండి," అంటాడు. ఇద్దరూ తామే గెలిచామనుకుని, గొంతులు మార్చుకోవడం కూడా మర్చిపోయి నవ్వుకుంటారు.

మార్కాపురం దాకా జీపు వెనక అడవంతా బొట్లతో నడిచొస్తుంది. రాజ్యం కుడికాలు పెట్టి గడప దాటుతుంది. పాలు అంచు దాకా వస్తాయి, గుమ్మం వైపు చూస్తాయి, ఈసారి దిగవు.

పొంగిన పాలు గిన్నె దాటి, పొయ్యి దాటి, గడప దాటి, నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడతాయి. తోక ఊపుకుంటూ వీధిలోకి దిగి, పక్కింటి తలుపు తడతాయి. పక్కిల్లు కుచ్చిళ్ళలా మెట్లు ఎత్తిపట్టుకుని పునాదిలోంచి లేచి వాటి వెనకే నడుస్తుంది. దాని వెనక ఆ పక్కిల్లు, దాని వెనక ఇంకోటి.

అరుగు మీద నిలబడి రాజ్యం, అక్క గొంతుతో, మూడు వీధుల అవతలికి వినబడేలా అరుస్తుంది.

"ఇంటిల్లిపాదీ రావాలి!"