హెస్టర్ పచ్చ వెన్న

హెస్టర్ చేతులు మొరాయించాయి. అదీ ఎప్పుడు? చర్చి బజారు ఇంకో మూడు వారాలుందనగా.

ముప్పై ఎనిమిదేళ్ళుగా రోయ్‌క్లూఫ్ ఊళ్ళో చర్చి ఖర్చుల కోసం ఏటా జరిపే బజారులో రస్కులంటే హెస్టర్ రస్కులే. సోంపు, తవుడు, మజ్జిగ వేసి, పదహారు కిలోల పిండిని పిడికిళ్ళతో మర్దించి, కాల్చి, విరిచి, ఓవెన్ తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి నిదానంగా ఎండబెడుతుంది. ఆ రస్కు కాఫీలో ముంచితే మెత్తబడాలి గానీ తెగి కప్పులో పడకూడదు. పిండి కలిపే తొట్టి చర్చిది. అది ఎవరింట్లో ఉంటే ఆ ఇల్లాలికి పెళ్ళిలో ముందు వరస కుర్చీ, చావింట్లో మొదటి కాఫీ. ఇప్పుడేమో ఆమె వేలి కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి. గుండీ పెట్టుకోవడానికే పావుగంట పడుతోంది.

ఇది చాలదన్నట్టు అదే చర్చికి వచ్చే కుర్ర ఇల్లాలు లవోనా కేప్ టౌన్ నుంచి పిండి కలిపే మిషను తెప్పించుకుంది. తెప్పించుకున్నది ఊరుకుంటుందా?

"పిన్నీ, ఈ ఏడాది తొట్టి మా ఇంట్లో పెడితే మీకు కాస్త విశ్రాంతి కదా" అంది, చర్చి మెట్ల మీద పదిమందికీ వినపడేలా.

"నా చేతులు పడిపోయిన రోజున నేనే కబురు పెడతాలే" అంది హెస్టర్, ఆ చేతులే వెనక్కి దాచుకుంటూ.

పక్కింటి మార్లీన్ ఇదంతా చూసింది. ఆ సాయంత్రం పేపరు పొట్లం ఒకటి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. విప్పకుండానే వాసన గది అంతా పరుచుకుంది.

"గంజాయా! ఈ వయసులో నన్ను పొగ తాగమంటావుటే?"

"తాగమన్నానా? తినమంటున్నా. వెన్నలో కాచుకుని రోజూ చెంచాడు రొట్టెకి రాసుకో. నా మోకాళ్ళు చూడు, మొన్న కోడిపుంజుని తరిమి పట్టుకున్నా."

"పోలీసులొస్తే?"

"మన పెరట్లో పెంచుకుని మన వంటింట్లో తింటే కోర్టే ఏమీ అనట్లేదు. అమ్మితేనే జైలు. అమ్మకు, అంతే. ఇదిగో, బాగా విను. ముందు దీన్ని ఓవెన్లో సన్నసెగ మీద ఓ గంట ఎండబెట్టు, బంగారు రంగు తిరగాలి. ఆ తర్వాతే వెన్నలో వెయ్యి." అంత చెప్పి, మర్నాడే కూతురి పురుటికి పట్నం వెళ్ళిపోయింది మార్లీన్.

హెస్టర్ రెండు రోజులు ఆలోచించింది. పొగ తాగడం పాపమే, అందులో అనుమానం లేదు. వెన్న తినకూడదని మాత్రం పాస్టరు గారు ఎన్నడూ చెప్పలేదు. మనసు కుదుటపడింది.

ఇక ఓవెన్ సంగతి. ఎండబెట్టడానికి ఓవెనేమిటి, కరెంటు దండగ! పట్నంలో కాపరం చేసి చేసి మార్లీన్‌కి ఎండంటే ఏమిటో మరుపుకొచ్చింది. రోయ్‌క్లూఫ్‌లో రేకుల కప్పు మీద పరిస్తే పీచు పండ్లే నాలుగు రోజుల్లో చెప్పు అట్టల్లా అవుతాయి. హెస్టర్ నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎండుతున్న పండు ముక్కల పక్కనే ఆకునీ పరిచింది. సాయంత్రానికి చిటికెలో నలిగిపోయేంతగా ఎండింది. దాన్ని నీళ్ళు కలిపిన వెన్నలో వేసి, కాసేపు సన్నగా కాచి, పాత కిటికీ తెర గుడ్డలో వడగట్టి చల్లార్చింది. పైన గట్టి పచ్చ వెన్న తేలింది. ఖాళీ డబ్బాలోకి తీసి, మూత మీద అలవాటుగా పట్టీ అంటించి 'హెస్టర్' అని రాసింది.

ఆ అలవాటే కొంప ముంచింది. ఎందుకంటే బజారుకు ప్రతి ఇంటి నుంచీ ఒక డబ్బా వెన్న రావాలి, మూత మీద పేరుండాలి. అన్నీ ఒకే గిన్నెలో కరిగించి పిండిలో పోస్తారు.

మొదటి చెంచా తిన్న రోజు హెస్టర్ తలుపు గడియ వేసి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. పది నిమిషాలకి కిటికీలోంచి కోళ్ళు తనని చూసి ముసిముసిగా నవ్వుతున్నట్టనిపించింది. ఓహో, ఎక్కింది అనుకుంది. నాలుగో రోజుకి వేళ్ళు విచ్చుకున్నాయి. పదో రోజుకి గుండీలు టకటకా పెట్టుకుంది. బజారు ముందు శుక్రవారం తెల్లవారుజామున పదహారు కిలోల పిండీ ఒంటిచేత్తో చేసే పనంత సులువుగా మర్దించేసింది. సాయానికని వచ్చి వెన్న కరిగించిన లవోనా గుడ్లప్పగించి చూసింది. హెస్టర్‌కి ఆ చూపే సగం మందు.

శనివారం పొద్దున్న రస్కులన్నీ బండెక్కి చర్చి హాలుకి వెళ్ళిపోయాయి. హెస్టర్ తీరిగ్గా తన చెంచాడు వెన్న కోసం ఫ్రిజ్ తెరిచింది. డబ్బా లేదు. గిన్నెల బుట్టలో, తళతళలాడేలా తోమి, బోర్లించి ఉంది.

 ఏడ్చుకుంటూ కూర్చునే మనిషి కాదామె. చెప్పులు తిరగేసి తొడుక్కుని హాలుకి పరుగెత్తింది.

"లవోనా! ఫ్రిజ్‌లో నా డబ్బా..."

"ఆ, వేసేశా పిన్నీ. మీ వంతు వెన్న ఇవ్వడం మరిచిపోయారు కదా. పచ్చగా ఉందేమిటా అనుకున్నా." గొంతు తగ్గించి కన్ను గీటింది. "ముప్పై ఎనిమిదేళ్ళ రహస్యం ఇదన్నమాట! ఏ ఆకు పిన్నీ అది?"

హెస్టర్ చుట్టూ చూసింది. హాలు నిండా జనం. ప్రతి చేతిలోనూ రస్కు. అమ్మకం సగం అయిపోయింది కూడా. అమ్మితే జైలు అన్న మాట చెవిలో గింగురుమంది. అప్పుడే ఆమె జెఫ్తాని చూసింది.

జెఫ్తా చర్చి సంఘ పెద్ద. తమ్ముడు ఆబ్నర్‌తో పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఆబ్నర్‌కి దక్కాల్సిన గురువారం కాల్వ నీటి వంతును, ఏదో పాత కాయితం చూపించి లాగేసుకున్నాడని తగువు. అంత్యక్రియల్లో కూడా ఇద్దరూ చెరో గేటు నుంచి వచ్చేవాళ్ళు. అలాంటి జెఫ్తా ఆరో రస్కు నమిలి మింగి, కాఫీ కప్పుతో లేచి, హాలుకి అడ్డంగా నడిచి, తమ్ముడి ముందు ఆగాడు.

"తమ్ముడూ, గురువారం నీళ్ళు నీవేరా" అన్నాడు. "అప్పుడూ నీవే. నాకు తెలుసు."

ఆబ్నర్ అన్న మెడ కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంకేం సందేహం? జెఫ్తా స్పృహలో ఉంటే ఈ మాట అంటాడా? హెస్టర్ పాస్టరు గారి చేతిలో మైకు లాక్కుంది.

"తినకండి! ఎవరూ తినకండి! అందులో నా మందు కలిసింది. గంజాయి వెన్న!"

 ఇక మొదలైంది చూడండి భాగోతం. లావుపాటి ఒకావిడ "నా పాదాలు నాకు కనపడటం లేదర్రా" అని గోల పెట్టింది. ఆవిడ పాదాలు ఆవిడకి కనపడక ఇరవై ఏళ్ళయింది. చర్చి బూరల మేళం వాళ్ళు ఒకే కీర్తన మూడుసార్లు వాయించి, ఇంకా వాయించలేదు కదా అని నాలుగోసారి ఎత్తుకున్నారు. లవోనా నేల మీద చతికిలబడి, తన మిషనుని ఎవరూ ప్రేమించడం లేదని వెక్కి వెక్కి ఏడ్చింది. పాస్టరు గారు రెండు జగ్గుల నీళ్ళు తాగి, లోపలి గదిలో పడుకుని, కప్పు కిందికి దిగుతోందని కబురు పంపారు. జెఫ్తా తమ్ముణ్ణి వదిలి, నుదురు తుడుచుకుని, "అదీ సంగతి! నా చేత అలా అనిపించింది రస్కు" అన్నాడు. ఆబ్నర్ చేతులు రెండూ కిందికి వాలిపోయాయి.

ఆదివారం మార్లీన్ ఊరినుంచి దిగింది. కథంతా విని ముందు అడిగిన ప్రశ్న ఒకటే.

"ఓవెన్లో పెట్టావా?"

"రేకుల మీద ఎండబెట్టా."

మార్లీన్ నవ్విన నవ్వుకి కట్టుడు పళ్ళు ఒళ్ళో పడ్డాయి. "పిచ్చి మొహమా, అది తడి ఆరడానికి కాదే! ఆ సెగ తగిలితేనే ఆకులోని మత్తు మేలుకునేది. నువ్వు వెన్నలో గడ్డి ఉడికించావు. ఎవడికీ ఏమీ ఎక్కదు."

"నా వేళ్ళు బాగయ్యాయి కదా!"

మార్లీన్ నవ్వు ఆపి, జాలిగా చూసింది. హెస్టర్ తన చేతుల వంక చూసుకుంది. చూస్తూ చూస్తూ ఉండగానే కుడి చేతి బొటనవేలు సలిపింది. తర్వాత చూపుడువేలు. రాత్రికల్లా పదీ పాత దారికొచ్చాయి. ఆమెకి ఏడుపొచ్చింది, నిజంగా ఏడ్చింది.

సోమవారం సంఘ పెద్దలు కూర్చున్నారు. తొట్టి హెస్టర్ దగ్గర ఉండాలా, లవోనాకి ఇవ్వాలా? పెద్ద కుర్చీలో జెఫ్తా. బల్లకి చెరో పక్కా హెస్టర్, లవోనా. తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని ఆబ్నర్.

"ఆ రోజు మత్తులో ఎవరెవరు ఏమేమి అన్నారో అవి లెక్కలోకి రావు" అని మొదలెట్టాడు జెఫ్తా, తలుపు వైపు చూడకుండా. "నేనన్నదీ అంతే. నీటి సంగతి రస్కు మాట్లాడింది, నేను కాదు."

ఆబ్నర్ టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

నిజం చెబితే హెస్టర్ పేరు నిలబడుతుంది, తొట్టీ ఉంటుంది. కానీ ఆ తొట్టిలో చెయ్యి పెట్టలేనన్నది కూడా చెప్పాల్సి వస్తుంది, అదీ లవోనా ముందు.  అయినా ఆబ్నర్ వీపు చూశాక ఆగలేకపోయింది.

"ఆగు ఆబ్నర్! జెఫ్తా, ఆ రస్కులో ఏమీ లేదు. నాకు కాయడం చేతకాలేదు, మార్లీన్‌ని అడుగు. అందులో ఉన్నది గడ్డి. నువ్వన్నది నువ్వే అన్నావు. నేను మైకు పట్టుకోకముందే అన్నావు."

జెఫ్తా చెవులు ఎర్రబడ్డాయి.

"మరి పదహారు కిలోలు ఎలా కలిపారు పిన్నీ?" అంది లవోనా.

"కలపగలననుకున్నా, కలిపా. ఇప్పుడు తెలిసిపోయింది కదా, ఇక కలపలేను." హెస్టర్ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. ఉబ్బిన కణుపులు అందరూ చూశారు. లవోనా కూడా. తొట్టి సంగతి ఎటూ తేల్చకుండానే అందరూ లేచారు.

గురువారం పొద్దున్నే పెరటి తలుపు చప్పుడైంది. జెఫ్తా. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి.

"కాల్వ ఆబ్నర్ తోట వైపు తిప్పి వస్తున్నా" అన్నాడు గుమ్మం వైపు చూస్తూ. "గురువారం ఇక నాకు పనిలేదు. పిండి ఎక్కడుందక్కా?"

హెస్టర్ తొట్టి చూపించింది. జెఫ్తా వేళ్ళతో గోకడం మొదలెట్టాడు.

"వేళ్ళతో కాదయ్యా, పిడికిళ్ళతో! దానికి నీ మీద కోపం వచ్చేలా గుద్దాలి!"

చెమటలు కారేదాకా గుద్దాడు. మధ్యలో ఆగి, మెల్లిగా అడిగాడు.

"అక్కా, ఆదివారం ఆబ్నర్ భోజనానికి వస్తున్నాడు. చాలా మాట్లాడాలి. ఈసారి ఇందులో ఏమైనా వేశావా?"

"ఏమీ లేదు."

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా లేదు జెఫ్తా. నువ్వే మాట్లాడుకోవాలి."

జెఫ్తా నిట్టూర్చి, మళ్ళీ పిడికిళ్ళు బిగించాడు.